ఇనుమేమన్న ఉన్నదా

నాలుగు గంటలకే చీకటి పడ్డది వారాసిగూడల.
రేకులు ఎగిరిన చప్పుడు, ఎవరిదో నీళ్ల ట్యాంకు మూత
గల్లీ పొడుగునా దొర్లుకుంట పోయిన చప్పుడు,
తర్వాత ఒక్కటే...
చప్పుడు అనలేం దాన్ని.
నేల దమ్ము వదిలినట్టు.

తలుపు తీస్తే ఆకులు.
వాకిలి లేదు, గేటు లేదు, స్కూటీ లేదు,
గడప దాక ఆకులే.
మా కానుగ వేళ్లతో సహా లేచి
ఎదురింటి హేమలత వాళ్ల గోడ మీద
తల పెట్టి పండుకున్నది.

"చెయ్యి పెట్టకు" అన్నది నా బిడ్డ.
కొమ్మల లోపల ఎక్కడో తీగ.
కరెంటు పోయింది కద అంటే
పోయిందో, పోయినట్టు కనబడుతున్నదో
నీకెట్ల తెలుసన్నది.

ఫోన్ చేస్తే మునిసిపాలిటోళ్లు
నంబరు రాసుకోమన్నరు. నాలుగు వందల పన్నెండు.
మాకంటె ముందు నాలుగు వందల పదకొండు చెట్లు
ఈ ఊర్ల కూలిపోయి ఎదురు చూస్తున్నయి.

తొమ్మిదింటికి లైన్‌మన్ బుగ్గయ్య వచ్చిండు,
ఒంటికి అతుక్కున్న చొక్కా, చేతిల పొడుగు కర్ర.
తీగ తప్పించి, చుట్టి, స్తంభానికి కట్టి
"ఇగ ఇది వట్టి కట్టె" అని పోయిండు.
చాయ్ తాగలే. ఇంకా సీతాఫల్‌మండి మొత్తం ఉన్నదట.

యాసీన్ భాయ్ మిషన్ రంపం తెచ్చేసరికి పదిన్నర.
వెంటనే కోయలే. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగిండు,
పెండ్లి షేర్వానీకి కొలత తీసే దర్జీ లెక్క.
గోడకానుకోని విల్లు లెక్క వంగిన కొమ్మ చూపెట్టి
"దీని ముందట నిలబడకుండ్రి,
పడ్డ చెట్టు కోపం ఇసొంటి కాడ దాచిపెట్టుకుంటది" అన్నడు.
లోపలి దిక్కు చిన్న గాటు. ఆగిండు.
ఇంకో గాటు. ఆగిండు.
కొమ్మ ఎవరినీ కొట్టకుండ దిగింది.

హేమలత చాట పట్టుకోని వచ్చింది.
పిట్టగోడ రెండు వరుసలు పోయినయి,
ఏమనలే. ఆకులెత్తింది.
రేపంటదేమో.

మొద్దు కాడికి వచ్చినంక తలెత్తి అడిగిండు యాసీన్ భాయ్:
"అమ్మా, ఇండ్ల ఇనుమేమన్న ఉన్నదా?"
"లేదు" అన్న.
ఆలోచించనే లేదు. చెట్టుల ఇనుమేంది?

రంపం నాలుగేళ్ల లోతు పోయి కీచుమన్నది.
నిప్పురవ్వలు. వాన తాగిన కట్టెల నుంచి
నిప్పురవ్వలు.
గొలుసు తెగి ఆయన బూటు పక్కన పడ్డది.

సెల్‌ఫోను వెలుగు దగ్గరికి తెచ్చింది నా బిడ్డ.
లేత పసుపు కట్టె నడుమ నల్లటి మచ్చ,
మచ్చ నడుమ మేకు.

అప్పుడు యాదికొచ్చింది.
రోకలిబండతో నేనే కొట్టిన.
బాలింతను. వంగొద్దంటరు, ఎత్తొద్దంటరు,
రోజుకు ఇరవై గుడ్డలు,
ముసురు పట్టిన శ్రావణం, దండెం లేని కొత్త కిరాయి ఇల్లు.
రెండేండ్లకు ఇల్లు కొన్నం, దండెం మేడ మీదికి పోయింది.
మేకును మళ్ల చూసిన యాది లేదు.
ఏడాదికింత బెరడు కప్పుకుంట
అదే మింగుకున్నది, నాకు చెప్పకుంట.

"ఎవరి గుడ్డలు?" అన్నది నా బిడ్డ,
వెలుగు కదలకుండ పట్టుకోని.
"ఎవరియి ఐతయి" అన్న.

గొలుసు పైసలియ్యబోతే సగమే తీసుకున్నడు యాసీన్ భాయ్.
"అందరు లేదనే అంటరమ్మా.
నేను అడుగుడు మాత్రం అడుగుత."

మూడో రోజు పొద్దుగాల ఫోను:
"నాలుగు వందల పన్నెండు. చెట్టు ఇంకా ఉన్నదా మేడం?"
వంటింటి కిటికీల నుంచి ఎన్నడూ రాని ఎండ
బియ్యం డబ్బ మీద పడ్డది.
కొంచెం సేపు ఏం చెప్పాల్నో తెలువలే.