తోడు

గుథెగా డ్యామ్ దగ్గర కారు ఆపేసరికి ఆరున్నర.
సెప్టెంబరు ఆఖరు. ఇక్కడ దీన్ని వసంతం అంటారు.
స్కీల అడుగున తోళ్ళు అంటించుకున్నాం.
ముందుకు జారనిస్తాయి, వెనక్కి జారనివ్వవు.
"అంతే, ఇందులో మంత్రమేం లేదు," అంది లార్నా.
ఆమెకి అరవై ఎనిమిది.
కూమాలో ఆమె మోకాలికి నడక నేర్పింది నేను.
కొండ మీద నాకు నడక నేర్పుతోంది తను.
మడమ లేపు. పాదం లేపకు.
ఈడ్చు. ఈడుస్తున్నట్టు నీకే తెలియనంతగా ఈడ్చు.

నది మీద ఊగే వంతెన దాటాక
ఇంకో గంటకి చెట్లు ఆగిపోయాయి.
ఆఖరి స్నో గమ్ చెట్టు ఒంటి నిండా
ఎరుపూ పచ్చా చారలు, వంగిన నడుం.
దాని తర్వాత అంతా తెలుపే.
ఎంత తెలుపంటే
నా నీడ ఒక్కటే మురికిగా కనిపించింది.

పదింటికి పైపొర వదులైంది.
లార్నా దాన్ని "కార్న్" అంటుంది.
నేను గుప్పెట్లోకి తీసి చూశాను: సగ్గుబియ్యం.
పగలు కరిగి, రాత్రి బిగిసి, మళ్ళీ కరిగి,
ఇన్నాళ్ళు అవస్థ పడితేగానీ గింజ కట్టదట.
తోళ్ళు ఊడదీసి, మడిచి, కోటు లోపల దోపుకుని
దిగాం.
నాలుగు మలుపులు వచ్చాయి నాకు.
ఐదోది రాలేదు.
పడ్డచోట నా అచ్చు, ఒక చెయ్యి తక్కువ.

సాయంత్రం మంచుని ఇటుకలుగా కోసి
పడమటి గాలికి అడ్డంగా గోడ కట్టాం.
నా వైపు వంకర.
"విక్ ఉంటేనా..." అని ఆగిపోయింది లార్నా.
గుడారం మూలన నల్లదారంతో వేసిన మోటు కుట్టు మీద
గ్లవ్ తీసి వేలు పెట్టింది.
నేనేమీ అడగలేదు.

స్టవ్ వెలిగించి గిన్నె నిండా మంచు కుక్కాను.
కాసేపటికి మాడు వాసన.
మంచు మాడుతుందని ఎవరనుకుంటారు!
లార్నా తన సీసా వంచి
రెండు గుక్కల నీళ్ళు అడుగున పోసింది.
"ఉత్త మంచుకి కరగడం చేతకాదు. కింద కాస్త నీరు ఉండాలి."

తోడు, అన్నాను తెలుగులో.
పాలల్లో వేసే చెంచాడు పెరుగూ అదే మాట,
పక్కన నడిచే మనిషీ అదే మాట.
ఆమె పలకబోయి "టోడ్" అంది.
వాళ్ళ భాషలో అది కప్ప.
ఈ కొండల్లో ఎక్కడో పసుపూ నలుపూ చారల కప్ప ఒకటి
మంచు కింద నిద్రపోతుంటుందట, చలికాలమంతా.
నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోశాను.

సీసాని పొట్టకానించుకుని పడుకోమంది.
నడిరాత్రి గాలికి నా గోడ కూలింది.
పారతో బయటికి వెళ్ళాను.
దక్షిణపు గట్టు అంచుకి ఆనుకుని త్రిశంకు నక్షత్రాలు,
కథలో చెప్పినట్టే తలకిందులుగా.
ఇన్నేళ్ళూ అది కోపంతో అల్లిన కథ అనుకున్నాను.
ఎవరో చలిలో నిలబడి, చూసి, రాసినట్టుంది.
వేళ్ళు కొంకర్లు పోయేదాకా గోడ కట్టాను,
ఈసారి ఇంకా వంకరగా.

పొద్దున లార్నా సీసా ఖాళీ.
రాత్రి మాత్ర వేసుకుంటూ తాగేసిందట.
స్లీపింగ్ బ్యాగులోంచి చెయ్యి ఒక్కటే బయటపెట్టి
పొరుగింటావిడ తోడుకి వచ్చినట్టు గిన్నె చాపింది.
నా ఒంటి వేడితో ఉన్న నీళ్ళు మూడు గుక్కలు పోశాను.

అప్పుడడిగాను, విక్ సంగతి.
రాత్రంతా ఆయన్ని నాలో నేనే పాతిపెట్టేశాను మరి.
"మెరింబులాలో చేపలు పడుతున్నాడు," అంది.
"చలంటే విసుగొచ్చిందట. ద్రోహి."

గిన్నెలో మంచు అంచుల దగ్గర బూడిద రంగు తిరిగి,
నడుమ గుంటపడి,
ఒక్కసారిగా కూలింది.
"ఇంకాస్త వెయ్యి," అంది లార్నా, కళ్ళు తెరవకుండానే.