రెండో ‘వ’

నడుమకు ఇరిగిందనుకున్నడు జిరాక్స్ సైదులు.
ఇరగలే, కొన్నదే అట్ల.
ఎడమచేతికొక చెక్క, కుడిచేతికొక చెక్క,
నడుమ మూరెడు వైరు,
చాయ గ్లాసు పట్టేంత జాగ.

నల్లగొండ కలెక్టరేట్ గేటుకు ఎదురుంగ
పదహారేండ్లు ఒక్కటే బద్ద మీద కొట్టిన:
పింఛన్లు, పాసుబుక్కులు, సర్వే నంబర్ల తప్పులు,
ఎండిన బోరుకు కరెంటు బిల్లు.
పోయిన ఎండకాలం సంది
ఎడమ మణికట్టు నడిరాత్రి లేపుతుంది
పాలకేడ్చే పసిపిల్ల లెక్క.
డాక్టరు పట్టీ రాసిండు, విశ్రాంతి రాసిండు.
విశ్రాంతి అన్న మాట
వేరేటోళ్ల సెలవు చీటీలల్ల కొట్టిన్నే గాని
నా పేరు మీద ఎన్నడు కొట్టలే.

కొత్తది సెకండ్‌హ్యాండుల వచ్చింది, పండ్లు లేకుండ.
చిగుళ్ల లెక్క ఎర్రగ స్విచ్చులు,
మీద టోపీ ఒక్కటి లేదు.

ఏరుకుంటే అయిపాయె అనుకున్న.
ప్రకాశం బజార్ల ఖాజాభాయ్
గోనెసంచి బోర్లించి
చచ్చిన కీబోర్డుల గుట్ట చూపిచ్చిండు.
“కూడిక గుర్తు కాలుంటేనే పడతది నవనీతక్కా,
గుండ్రకాలుది పట్టదు.”
తిరగేసి తిరగేసి కాళ్లు చూసిన,
సంతల మేకపిల్లకు చూసినట్టు.
పై వరుసది ఎనకకు వాలుతది,
కింది వరుసది ముందుకు వంగుతది,
ఒకదాని జాగల ఒకటి పెడితే
చీకట్ల మెట్టు తప్పినట్టు వేలు జారుతది.
జానెడు పొడుగు స్పేస్‌బారు
ఏ చెక్కకూ పట్టలే.
ఇప్పుడది ఆధార్ జిరాక్సుల మీద బరువు.
మాటకు మాటకు నడుమ జాగ ఇచ్చుడు
ఇగ రెండు బొటనవేళ్ల పని.

నా అక్షరాలు మొదటి నుంచీ రెండు వాడలే.
గుణింతాలు ఎడమచేతికి,
హల్లులు కుడిచేతికి.
పాణం ఒక దిక్కు, పెయ్యి ఒక దిక్కు.
మ, న, వ మాత్రం
ఎందుకో ఎడమ దిక్కే ఉండిపోయినయి.

సోమవారం. ప్రజావాణి.
గుర్రంపోడు నుంచి ఈదమ్మ వచ్చింది,
కొంగుల మడతపెట్టిన పాత దరఖాస్తు,
దాని మీద ఇంకో పాత ముద్ర.
“గట్ల రెండు ముక్కలైందేంది బిడ్డా,
అతికిచ్చుకోరాదు?”
నవ్వుకుంట మొదలువెట్టిన.

మ. న.
కుడి చూపుడువేలు లేచి
ఎడమ చెక్క దాకా అందక
చాయ గ్లాసు అంచుకు తాకింది.
టకీమన్నది గ్లాసు.
తెర మీద ‘మన’ అని ఆగిపోయింది.

ఇన్నేండ్లు ‘మనవి’ల వ కొట్టింది
కుడిచెయ్యి.
పక్కింటోళ్లు వచ్చి బిందె ఎత్తిపెట్టిపోయినట్టు
వచ్చి, కొట్టి, పోయింది.
ఒక్కనాడన్న నాకు తెల్వలే.

కుడి చెక్క లోపలి అంచుకు
ఏ పనీ లేని మీట ఒకటుండె.
దానికి ఇంకో వ నేర్పిచ్చిన.
టోపీ కావాలె.
సెట్టుకు ఒక్కటే వస్తది వ.
ఖాజాభాయ్ గుట్టల దొరికింది
నీలం రంగుది, కొత్త లెక్కనే ఉంది.
పెట్టి చూసిన, తీసిన.

బ్యాంకు వేలంల కొన్న నా పాత బద్దకు
కాళ్లు కూడిక గుర్తువే.
దాని వ పీకిన.
పసుపుబారింది. అక్షరం ఎన్నడో పోయింది.
నడుమ చిన్న గుంట,
అది నా వేలిదే.
తెల్ల టోపీల నడుమ
బీడీ తాగినోని పన్ను లెక్క కనవడతది.

కనవడనియ్యి.

“అయ్యిందా?” అన్నది ఈదమ్మ.
“మొదటి మాట అయ్యింది, ఊరు చెప్పు.”
చెప్పింది. ఇంటి పేరు, సర్వే నంబరు,
రెండు గుంటలు ఎవలి పేరు మీద ఎక్కినయో
గొంతు తగ్గిచ్చి చెప్పింది.
చాయ సల్లారింది నడుమ జాగల.
మణికట్టు ఇంకా గుంజుతుంది,
కాకపోతే కొంచెం తక్కువ.