తొమ్మిదడుగుల రొండంగుళాలు

ఇరవై ఏండ్లు లారీలకు పూసినోణ్ణి.
బళ్ళారి రోడ్డులో షెడ్డు.
తామరపూలు, కన్నీటిబొట్టు కారే కండ్లు,
వెనక తలుపు మీద రొండు నెమళ్ళు,
వాటి నడుమ ఓనరు కూతురి పేరు.
నా చేతిరాత కాశ్మీరు దాకా పోయింటాది,
నేను మాత్రం డోను దాటింది వేళ్ళ మీద ఎంచొచ్చు.

"చిత్రశాల పక్కన ఫౌంటెను కడతాండారు,
రంగులెయ్యాలంట" అని మద్దిలేటి వచ్చి పిలిస్తే
ఏ పాలరాతి హంసలో అనుకుని పోయినాను.
పోయి చూస్తే
ఇనుప గొట్టాలు.
మెలికలు తిరిగినవి కొన్ని, విరిగినట్టుండేవి కొన్ని,
ఒకదానికి చెవుంది, ఇంకోదానికి తోకుంది,
అన్నిటికన్నా పైన ఒక గిన్నె, బోర్లా.
"ఇదేంది మేడమ్?" అన్నాను.
"నాకూ ఇంకా తెలీదు" అనింది మృదులా మేడమ్.
ఆ ఒక్క మాటతో ఆమె నాకు నచ్చింది.

ఆమె దగ్గర రంగులకు నంబర్లు.
నా దగ్గర పేర్లు.
నలభైరెండు అంటాది ఆమె,
కొత్త ట్రాక్టరు ఎరుపు అంటాను నేను.
పదిహేడంటే తంగేడు.
ఆరు... ఆరంటే ఏమబ్బా...
ఉరుసు చాదరు పచ్చ!
మధ్యాన్నం అన్నాలయ్యేసరికి
"దస్తగిరీ, ఆ తంగేడు డబ్బా ఇటియ్యి" అంటాంది.

అన్నీ అయినాయి. ఒక్క వలయం మిగిలింది,
నట్టనడిమి గొట్టం చుట్టూ తిరిగేది.
దీనికి నీలం, అనింది. నీళ్ళ రంగు.
నేను కుంచె ముంచలేదు.
"నీళ్ళ రంగు నీలం కాదు మేడమ్."

సాయంత్రం బండెక్కించుకుని మా సందుకు పిలుచుకపోయినాను.
ఇంటి గోడ మీది గీత చూపించినాను.
ఆ అక్టోబరులో
తుంగభద్ర, హంద్రీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఊర్లోకొచ్చి
తిరిగి పోతా పోతా గీసిన గీత.
ఏటా సున్నం కొడతాం.
దాని పైనా కొడతాం, కిందా కొడతాం,
దాని మీద కొట్టం.
అట్ల కొట్టమని ఎవురూ చెప్పలేదు.
ఆమె టేపు తీసింది.
మద్దిలేటి ఒక కొస పట్టుకున్నాడు.
తొమ్మిదడుగుల రొండంగుళాలు.
పొయ్యికాడినుంచి లేయకుండానే మా యమ్మ
"ఇంకో అడుగు లేసింటే
మిద్దె మీద నా కోడిపుంజు గూడా దక్కేది కాదు" అనింది.

మరుసటి పొద్దున
మేడమ్ ఆ వలయాన్ని కోయించి, పైకి జరిపి,
నేల నుంచి టేపు పట్టి, మళ్ళీ అతికించింది.
ఎందుకని ఇంజినీరడిగితే "బ్యాలెన్సు" అని చెప్పింది.
నేను రంగు కలిపినాను.
కావి, రొంత నలుపు, ఒక చుక్క ఆకుపచ్చ.
బియ్యం, బడి పుస్తకాలు, పెండ్లి ఫోటోలు,
కరెంటు బిల్లులు, ఎవరిదో దూడ
అన్నీ కలిసి నానినాక వచ్చే రంగు.
ఇన్నేండ్లలో ఏ లారీ ఓనరూ దాన్ని అడగలేదు.

ఇప్పుడు సాయంత్రం ఆరయితే నీళ్ళు లేస్తాయి.
పిల్లోళ్ళు రంగులెంచుతారు.
ఏడంటాడు ఒకడు, కాదు తొమ్మిదంటాది ఇంకో పాప.
దాన్ని మాత్రం లెక్కలో కలపరు,
తుప్పనుకుంటారు.
పేపర్లో గూడా పడింది,
ప్రారంభించి నెల కాలేదు అప్పుడే పెయింటు పోయిందని.
పోనీలే.

మొన్న మా యమ్మను తీసకపోయినాను.
ఆ యేటి నుంచి ఆమె ఏటి గట్టు తొక్కలేదు.
చిత్రశాల గోడకానుకుని దూరంగానే నిలబడింది,
కొంగు నోటికడ్డం పెట్టుకుని.
తంగేడు పసుపు చూడలేదు,
చెవి గొట్టం, తోక గొట్టం చూడలేదు,
కొడుకు పనితనం అసలుకే చూడలేదు.
నీళ్ళు ఎంతెత్తు పోతాండాయో
అదొక్కటే చూసింది.
అవి వలయం దాకా లేసి,
దాన్ని తాకి,
వెనక్కి పడతాండాయి.

శానాసేపటికి అడిగింది:
"ఎప్పుడు తగ్గుతాయిరా?"
ఎనిమిదిన్నరకమ్మా, వాచ్‌మెన్ స్విచ్చాపుతాడు.
"నీళ్ళకు స్విచ్చా!"
కొంగు జారిపోయేట్టు నవ్వింది.

నవ్విందే గాని, ఎనిమిదిన్నర దాకా కదల్లేదు.
నీళ్ళు నిలిచినాక
తొట్టి దగ్గరికి పోయి, చీర ఎగదోపుకుని, వంగి,
ఏ పిల్లోడిదో తేలుతాండే చెప్పు ఒకటి తీసి
గట్టు మీద ఆరబెట్టి వచ్చింది.