డ్రమ్ములో దొరికింది

మర్రిపాలెం పాత ఇనప సామాన్ల కొట్లో
మూడొందల యాభైకి బేరమాడి కొన్నాను నీలం డ్రమ్ము.
మొదట్లో ఏదో మందు వాసన వేసేది.
నూకరత్నం వాళ్ళాయన చువ్వ ఎర్రగా కాల్చి
చుట్టూ కన్నాలు పెట్టాడు.
ఒక్కో కన్నానికీ ఒక చుయ్యిమనే చప్పుడు.
టీ తాగి, లెక్కపెట్టి,
అరవై నాలుగని చెప్పి వెళ్ళాడు.

పెరట్లో కరివేపచెట్టు పక్కన
ఇటుకల మీద నిలబెట్టాం.
అప్పట్నుంచి మా ఇంట్లో
పారెయ్యడం పోయి వెయ్యడం వచ్చింది.
బీరకాయ చెక్కు, ఆనపకాయ గుజ్జు,
టీ పొడి, గుడ్డు పెంకులు,
మే నెలంతా ముంజికాయల డొక్కలు,
పనసపండు కోసిన రోజు
జిగురు చేతులతోనే మోసుకెళ్ళిన తొక్క.

వానలు పట్టిన వారం కంపు మొదలైంది.
మేడ మీది భానోజీరావు గారు
మెట్లు దిగకుండానే, ముక్కు మూసుకునే
మాట్లాడారు.
మూత తీస్తే తెల్లటి పురుగులు, నల్లటి నీళ్ళు.
పారబోసేద్దాం అన్నాను.
"అదేటమ్మా, ఊపిరాడకపోతే
మనవైనా కంపు కొడతాం" అని
మర్నాడు నూకరత్నం బీచి నుంచి
సిమెంటు సంచి నిండా సరుగుడాకు తెచ్చింది.
పచ్చిది ఒక చేరెడు, ఎండుది రెండు చేరెలు.
ఆవకాయ కలిపినట్టే కలపాలంటూ
మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది.
నేను కర్రతో కలిపాను.

నాలుగో రోజుకి వేడి పుట్టింది.
మంట లేదు, పొగ లేదు,
తెల్లవారుజామున మూత తీస్తే ఆవిరి.
స్టీల్ ప్లాంటు ఫర్నేసు దగ్గర
పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న మా ఆయన
అరచెయ్యి ఆనించి చూసి
"జ్వరమొచ్చిన పిల్ల కడుపులా ఉంది" అన్నాడు.

ఆ నెలలోనే వెండి చెంచా పోయింది.
పాప అన్నప్రాశనది. కాడ మీద చిన్న నెమలి.
అల్మరా వెతికాను, సింకు కింద వెతికాను,
తరువాత వెతకడం మానేసి
నూకరత్నాన్ని చూడడం మొదలుపెట్టాను.
సరిగ్గా అడగను కూడా లేదు.
"వంటింట్లోకి వచ్చేది మనిద్దరమే కదా" అన్నాను,
అంతే.
చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని,
కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.
ఆ నెల పనిచేసిన పదకొండు రోజుల జీతానికీ
మళ్ళీ రాలేదు.

ఫిబ్రవరిలో డ్రమ్ము బోర్లించాం.
జల్లెడ కింద కాఫీ పొడంత నలుపు.
అరకు రైల్లో సొరంగం దాటగానే
కిటికీలోంచి వచ్చే చల్లటి వాసన.
పనస తొక్క లేదు, పురుగుల్లేవు,
ముంజి డొక్కలవి నాలుగు పీచులు మిగిలాయి.
భానోజీరావు గారు కిందికి దిగి
కుండీకి కాస్త కావాలన్నారు.
అప్పుడు జల్లెడ మీద ఏదో టింగుమంది.

నల్లబడిన నెమలి.

గుర్తొచ్చింది. ఆ రాత్రి కరెంటు లేదు.
పాప తినకుండా వదిలేసిన అరటిపండు గుజ్జు
గిన్నెతో సహా తీసుకెళ్ళి చీకట్లో
డ్రమ్ములో దులిపింది నేనే.
ఏడు నెలలు మట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
తనది కాదని తిరిగిచ్చేసింది.
నేనన్న మాట ఇంకా
పచ్చిగానే ఉంది.

కంచరపాలెం కొండవాలు ఇళ్ళ మధ్య
నూట పది మెట్లో, ఇంకా ఎక్కువో.
ఒక చేతిలో ఎరువు సంచి.
చెంచా పర్సులో.
కుళాయి దగ్గర చేపలు కడుగుతోంది.
"దొరికిందేటి?" అంది, నా మొహం చూసే.
తల ఊపాను.
దారంతా కూర్చుకున్న వాక్యం
ఏ మెట్టు మీదో జారిపోయింది.
జీతం డబ్బులు చాపితే తీసుకుంది, లెక్కపెట్టుకుంది.

సంచిలో చెయ్యి పెట్టి
ఒక గుప్పెడు పిసికి, విప్పి చూసింది.
ముద్ద నిలిచింది, వేలితో తాకితే విడిపోయింది.
"బాగానే మాగింది" అని
సంచి గుమ్మం పక్కన పెట్టుకుంది.
పనికొస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.
చేప పొలుసులు కాగితంలో పొట్లం కట్టి
నా చేతిలో పెట్టింది.

"అడుక్కంటా ఎయ్యండి.
పైన ఎండాకు మర్సిపోకండి,
పిల్లులొత్తాయి."