చిటికెడు

మా ఇంట్లో పసుపు ఎప్పుడూ చిటికెడే.
పప్పులో చిటికెడు, పులుసులో చిటికెడు,
గడపకి మాత్రం శుక్రవారాలు అరచేతి నిండా.
అదీ పసుపు వ్యాపారం చేసే ఇల్లు!
రాయగడ స్టేషను వెనక గొడౌన్లో
రేకుల కప్పు దాకా బస్తాలు.
నాన్న తుమ్మితే పసుపు రాలేది.
ఆయన చొక్కాలు జాడించిన నీళ్ళు పారబోస్తే
పెరట్లో చీమలు దారి మార్చుకునేవి.

పోపులపెట్టెలో ఏడు గిన్నెలు.
ఆవాలూ జీలకర్రా మినపప్పూ
నిండుతూ తరుగుతూ బతికేవి.
ఏడో గిన్నెలో పిప్పళ్ళు,
నేను పుట్టినప్పుడు తెచ్చినవట,
నా డిగ్రీ అయిపోయినా అక్కడే ఉన్నాయి.
"బాలింతల మందు, వంటలోకి కాదు" అనేది అమ్మ.

సంతనాడు కొండ దిగి వచ్చేది కద్రక సుంబారి,
నెత్తిన ఒక గంప, చంకన ఒక గంప.
ఉడకేసి, ఆరేసి, గోనెమీద రుద్ది రుద్ది
పొట్టు వదిలించిన కొమ్ములు.
కాటా ముల్లు నిలబడేదాకా మాట్లాడేది కాదు.
నాన్న అంకె చెప్పేవాడు. ఆమె తలూపేది.
మా తాత కాలంలో డబ్బు ఊసే లేదట,
మూడు మానికల పసుపుకి మానికడు ఉప్పు.
అదేదో ధర్మకార్యంలా చెప్పుకునేవారు మావాళ్ళు,
భోజనాలయ్యాక, నవ్వుతూ.

నాన్న పోయాక కొట్టు ఖాళీ చేస్తుంటే
ఐదుకిలోల గుండు చెయ్యి జారి బోర్లా పడింది.
అడుగున సర్కారు ముద్ర.
ముద్ర పక్కన, నిన్ననే పోసినట్టు మెరుస్తూ,
మరో చిటికెడు సీసం.

మూడు సంతలు తిరిగాను ఆమె కోసం.
నాలుగో సంతలో, మామిడల్లం కుప్ప ముందు కూర్చునుంది.
చెప్పేశాను. గుండు సంగతి, సీసం సంగతి,
గొంతులో కొమ్మేదో అడ్డం పడ్డట్టు.
సుంబారి నన్నొకసారి చూసి, ఆవులించి,
"ఎరుకే గుంటా" అంది.
"అందుకే కదేటి, గంప అడుగున
తడి కొమ్ములెట్టి తెచ్చీవోళ్ళం."

ఇద్దరం నవ్వాం. ఆమె ఎక్కువ.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
నీళ్ళు ఆరిపోతాయి.
సీసం ఆరదు.

ఆదివారం మా వంటింటికి తీసుకొచ్చాను.
ఏడో గిన్నెలోంచి ఒక పిప్పలి కొరికి చూసి
"ఇది సచ్చిపోనాది" అని
గిన్నెడూ పెరట్లోకి విసిరేసింది.
కొంగు ముడి విప్పి కొత్తవి పోసింది.
పచ్చి పసుపు దుంపలు
ఒకటీ అరా కాదు, గుప్పెడు, ఇంకో గుప్పెడు, రోట్లోకి.
"చేదెక్కదూ?" అన్నాను, ఉండబట్టలేక.
"దంచు" అంది.

దంచుతుంటే లేచిన వాసన
గొడౌన్లో పెరిగిన నాకు తెలీదు.
తొలకరి మట్టి, నారింజ తొక్క, పచ్చి క్యారెట్టు,
ఇవన్నీ, ఇవేవీ కానిదీ.
మామిడల్లం చెక్క, ఐదు పిప్పళ్ళు,
ఎండుమిరప ఒక్కటంటే ఒక్కటే.
నాగావళి చిన్న చేపలకి పట్టించి
పసుపాకుల్లో చుట్టి, అడ్డనారతో కట్టి
నిప్పుల మీద పెట్టాం.
ఆకు నల్లబడుతుంటే పక్కింటి ఒడియా ఆమె
గోడ మీంచి తొంగి చూసి
ఇంకో పొట్లం ఉందా అని సైగ చేసింది.

వారం రోజులు నా గోళ్ళు పచ్చగానే ఉన్నాయి.
"పెళ్ళా, టీచర్?" అని అడిగారు బళ్ళో పిల్లలు.
చేపలు, అన్నాను.

ఒకటి చెప్పడం మరిచాను.
పొట్లాలు కట్టే ముందు
ఉప్పు డబ్బా ఆమె ముందు పెట్టాను,
రెండు కిలోలది, నిండుగా, మూత తీసి.
పసుపు గుప్పెళ్ళతో వేసిన చెయ్యే
డబ్బాలోకి దిగింది.
వేళ్ళు వాటంతటవే దగ్గరపడ్డాయి.

చిటికెడు.