అరవై ఒకటో గళ్ళకాగితం

దోనప్ప గీసిన గళ్ళకాగితాలన్నీ
మిక్సీ వచ్చిన అట్టపెట్టెలో పెట్టుకొచ్చింది సుంకమ్మ.
"అరవై ఒకటుండాయి మాబూ, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కల్ల.
కొత్త జాకార్డుకు అట్టలు వద్దంట, ఫైలుంటే సాలంట."
ఆ మాట అంటూ కుడిచేతి బొటనవేలు చూసుకుంది,
ఇరవై రెండేళ్ళు అట్టలకు చిల్లులు కొట్టిన వేలు.

రెండు పొద్దులు పట్టింది నాకు.
ఒక్కో కాగితాన్నీ గాజుమీద బోర్లా పరిచి మూతేస్తే
కింద వెలుతురు కడ్డీ
పడుగులో నాడె పోయినట్టు పోయి వచ్చేది.
ఒకదాని వెనక పాల లెక్క,
ఒకదాని మీద ఊరగాయ మరక. తుడవబోతే
"ఉండనీ, అది ఆయప్పదే" అంది.

మూడోనాడు ఫోల్డరు తెరిస్తే
ఒక్క నెమలీ లేదు.
నలభై నాలుగు గడుల్లో అదే చిన్న కొండ,
కొండ భుజాన అదే సూర్యుడు.
బొమ్మ అంటే కంప్యూటరుకు తెలిసింది అంతే.
తక్కిన పదిహేడింట్లో ఆ కొండ కూడా లేదు,
మూల మడిచిన ఉత్త తెల్లాకు.
సుంకమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకొని
"ఇది మన ఉరవకొండేనా? మరి పడగ యాడబోయె?"

నవ్వొచ్చింది. వీపున చెమటా పట్టింది.
ఆపి మళ్ళీ వేశాను.
పెన్‌డ్రైవు పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను.
మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది.
లోపల్లోపలికి వెతుక్కుంటూ పోతే ఒకచోట దొరికింది:
ఎప్పుడూ గుర్తులే చూపు, బొమ్మలు చూపొద్దు.
ఆ మాట పక్కన ఎవరో టిక్కు పెట్టిపోయినారు.
ఎవరో ఏంది, నేనే.
పోయిన ఎండల్లో, మిషను మెల్లగుందని.

టిక్కు తీస్తానే వచ్చినాయి,
వాన పడ్డ నేల్లోంచి ఉసిళ్ళు లేచినట్టు,
హంసల అంచు, రుద్రాక్షలు, పిందెల కొంగు,
నలభై మూడు.

పదిహేడు తెల్లాకులు మాత్రం కదల్లేదు.
వాటి పేర్లు చదివితే తెలిసింది.
మొదటిరోజు పెద్దాయన మీద మర్యాదకొద్దీ
దో. నెమలి, దో. గండభేరుండం అని రాసుకున్నా.
రెండోరోజుకు ఓపిక తగ్గి ఉత్త నెమలి, ఉత్త తామర.
చుక్క తర్వాత వచ్చేదాన్ని జాతి పేరనుకుంటుంది ఇది.
నెమలి జాతి ఫైలు తన పుట్టుకలో చూసుండదు.
మర్యాద చేసినవి చిక్కుకున్నాయి,
చెయ్యనివి బతికినాయి.

చుక్కలు తీసేస్తా ఉంటే ఆమె అంది:
"ఒక్క చుక్క తప్పితే అంచులో నెమలికి మెడ ఇరుగుతాది.
మాకు తెలీదా మాబూ."

ఇంక ఒకటి మిగిలింది.
తెల్లగా.
ఇంకో సాఫ్ట్‌వేరులో తెరిచా, తెలుపే.
మళ్ళీ స్కాన్ చేశా, తెలుపే.
గాజు తుడిచి, చుక్కలు పెంచి చేశా.
"ఇది పాడయినట్టుందక్కా" అన్నా.
"పెద్దగా సెయ్యి."
చేశాను. "ఇంకా."
నీటిలో నీలిమందు కలిపినంత పలచగా గళ్ళు కనిపించాయి.
"ఇంకా కిందికి పో."
కింద, కుడిమూల,
ఏడు ఎర్రచుక్కలు.

చాలాసేపు ఏం మాట్లాడలేదు.
బయట ఎవరో ఆధార్ కాపీకి పిలుస్తున్నారు.
"రెక్క ఇది. రెక్క నుంచే మొదులుపెట్టేవాడు.
ఆ పొద్దు సంగటికని లేసినాడు,
మళ్ళా కూసోలా.
పాడయింది కాదు నాయనా."

కాగితానికి ఐదు లెక్కన మూడువందల ఐదు అయింది.
మూడువందలు లెక్కపెట్టి ఆగింది.
"ఖాళీదానికి గూడా దుడ్డేనా?"
"ఖాళీ యాడిదక్కా, ఏడుండాయి కదా."
కొంగుముడి విప్పి ఐదు రూపాయల బిళ్ళ పెట్టింది.

ఆ ఫైలుకు ఇంకా పేరు లేదు.
రెక్క అని కొట్టాను.
పక్కన చుక్క పెట్టలేదు.