మలుపుకు ముందే చెప్పాలి

నవంబరు, మంగళవారం, రాత్రి ఏడు.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలి
గుడిసె తలుపును భుజంతో తోస్తోంది.
పొయ్యి పక్కన ఆరేసిన చేతితొడుగులు,
తడిసిన ఉన్ని వాసన, మాడిన కాఫీ.

బెంచీ మీద మేం ఆరుగురం.
స్కూలు బస్సు నడిపే ఇల్మారి,
పళ్ళ డాక్టరు దగ్గర పద్దులు రాసే బ్రిజిడ్,
వడ్రంగం చేసే కవలలు,
ఎవరితోనూ మాట్లాడని తేయా,
ఉత్తరాలు పంచే నేను.

జీతం లేదు.
ఎర్ర జాకెట్టు కూడా ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి.
"సూప్ మాత్రం ఉచితం" అంది సైమా లెహ్టో,
అరవై ఎనిమిదేళ్ళ మా పంతులమ్మ.
"అందేసరికి చల్లారిపోతుందనుకోండి."

ముక్కోణపు గుడ్డ ఒకటి చేతికిచ్చి
భుజం కట్టమంది, విప్పమంది,
కళ్ళు మూసుకుని కట్టమంది,
చేతితొడుగులతో కట్టమంది.
తొడ ఎముక సంగతి చెప్పేటప్పుడు
పెద్దింటి వియ్యపురాలి గురించి చెబుతున్నట్టు
గొంతు తగ్గించింది.

ఓ శనివారం
పక్క జిల్లాలో క్లాసుకి వెళ్ళొచ్చింది తను.
వెనక బెంచీలో కూచుని రాసుకుందట.
వచ్చీ రాగానే పలక మీద
తాను ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్న వాక్యాన్ని
తడిగుడ్డతో తుడిచేసింది.
"ఇది తప్పని తేలింది. మరిచిపోండి."
అంతే. క్షమాపణ లేదు, నొచ్చుకోవడం లేదు.

డిసెంబరులో స్లెడ్జి.
ముందు ఖాళీగా లాగించింది.
ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, మాట వినదు.
తరవాత ఇసక మూటలు వేయించింది.
బరువు పడ్డాక బుద్ధొచ్చింది దానికి,
ఆగమంటే మాత్రం ఆగదు.

పరీక్షనాడు
గుట్టల దారిలో గొలుసు బ్రేకు వదలడం మరిచాను.
స్లెడ్జి నన్ను ఈడ్చుకుపోయి
కంచెకి కొట్టి ఆగింది.
సైమా నన్ను ఏమీ అనలేదు.
మూటల పక్కన మోకాళ్ళూని
"బాగా నొప్పిగా ఉందా నాయనా?" అని
ఇసకని అడిగింది.
కవలలు నవ్వారు.
నా కార్డు మీద 'మళ్ళీ' అని రాసి
సంతకం పెట్టింది.

"ఇప్పుడు నువ్వు పడుకో."

మూడు పట్టీలు, దుప్పటి, పైన టార్పాలిన్.
పలక ముక్కంత ఆకాశం.
చెవి కింద మంచు,
కొట్లో తాను చింపుతున్న చప్పుడు.
ముప్పయ్యేళ్ళుగా నాకు తెలిసిన కొండ
ఆ నాలుగు నిమిషాలూ ఎవరిదో కొండ.
మలుపు వచ్చాకే మలుపని తెలిసింది.
ముందు కడుపు తిరిగింది,
వెనకాల నేను.

కింద అడిగింది: "ఏం నేర్చుకున్నావు?"
"భయం."
"అది పొద్దున్న వచ్చేటప్పుడే తెచ్చుకున్నావు. ఇంకోటి చెప్పు."
పట్టీ విప్పుకుంటూ చాలాసేపు ఆలోచించాను.
"మలుపుకు ముందే చెప్పాలి."
కార్డు అడగలేదు.
తన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి
నా చేతిలో పెట్టింది.

జనవరిలో నెగ్గాను,
అత్తెసరు మార్కులతో.

ఫిబ్రవరి, దీపాల వెలుగులో రాత్రి స్కీయింగ్.
మూడో స్తంభం దగ్గర తొమ్మిదేళ్ళ కుర్రాడు,
మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.
ముక్కోణపు గుడ్డ దానంతటదే కట్టుకున్నట్టుంది,
నా వేళ్ళు నన్ను అడగలేదు.
కర్రల మధ్య నిలబడి
"ఇప్పుడు ఎడమకి" అన్నాను.
"కొంచెం గతుకులు, నాలుగు."
"ఇదిగో కుడికి, పెద్ద మలుపు."
టార్పాలిన్ కింద వాడు
గతుకులు లెక్కపెట్టాడు.
"ఐదు" అన్నాడు, కోపంగా.

కింద వాళ్ళమ్మకి అప్పగించాక
వాడు ఏడ్చింది చేతికి కాదు.
నీలం తొడుగు ఒకటి పైనే పడిపోయింది,
నానమ్మ అల్లింది.

లిఫ్టు ఆపేశారు.
కొండ మీద దీపాలు ఒక్కో వరసా ఆరుతున్నాయి.
సైమా గుమ్మంలో నిలబడి
తన టార్చి నా చేతికిచ్చింది.
ఇది ఏ క్లాసులోనూ లేదు.
స్కీలు భుజాన వేసుకుని
పైకి నడుస్తున్నాను.